వేలి బరువు

సోమవారం ఉదయం పదిన్నరకి ఆ అమ్మాయి క్లారినెట్ పెట్టె పట్టుకుని మూడోసారి షాపుకి వచ్చింది. ఈసారి ఆమె వెనక బ్యాండుమాస్టరు కూడా ఉన్నాడు.

షాపంటే ఒకే గది. కిటికీ కింద ఎనిమిదడుగుల బల్ల. బల్లకి ఆ చివర మామగారు, ఈ చివర కోడలు. ఇద్దరి మధ్య ఒక స్పిరిట్ దీపం, సూదుల డబ్బా, సిగరెట్ కాగితాల కట్ట. వెనక తలుపు తీస్తే ఇల్లు. ఊళ్ళో ఎవరు ఊదే వాయిద్యం కొన్నా అది ముందు ఈ బల్ల మీదికి వచ్చి, ఇక్కడ విడిపోయి, ఇక్కడే మళ్ళీ ఒకటై, అప్పుడు వాయించేవాళ్ళ చేతికి వెళుతుంది. మామగారిని ఊరంతా మేస్త్రిగారంటారు. ఆయన బాగుందన్న వాయిద్యాన్ని బాగాలేదన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

"మేస్త్రిగారూ, ఈ తగువు మీరే తీర్చాలి," అన్నాడు బ్యాండుమాస్టరు, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "వాయిద్యం బాగాలేదంటుంది ఈ అమ్మాయి."

"బాగాలేదనలేదు సార్. నా చేతిలో పలకడం లేదన్నాను."

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదు సార్."

మామగారు కళ్ళజోడు పైనుంచి ఆ పిల్లని ఒకసారి చూశారు. చేతులు తుడుచుకుని పెట్టె తెరిచారు. రెండు నెలల కిందట, కొత్తగా వచ్చినప్పుడు, ఇదే బల్ల మీద ఆయనే విప్పి బిగించిన క్లారినెట్ అది. ముక్కలు కలిపారు. రెల్లుబద్ద రీడును నోట్లో తడిపి బిగించి, పైనుంచి ఒక్కో మెట్టూ దిగుతూ ఊదారు. అన్నిటికన్నా కింద, అన్ని రంధ్రాలూ మూస్తేగాని రాని స్వరం దగ్గర ఆగి, ఊపిరి ఉన్నంతసేపూ పట్టారు. ఎక్కడా తెగలేదు.

"మీరూ చూడండి."

బ్యాండుమాస్టరు రుమాలుతో మూతి తుడిచి ఊదాడు. ఆయనకీ పలికింది.

"ఇప్పుడు నువ్వు."

అమ్మాయి ఊదింది. పై స్వరాలు వచ్చాయి. దిగేకొద్దీ శబ్దంలో గాలి కలిసింది. అట్టడుగుకి వచ్చేసరికి ఒక క్షణం ఉత్త గాలి, ఆ తర్వాత కీచుమని ఒక అరుపు. ఆమె ఆపేసి వాయిద్యం ఒళ్ళో పెట్టుకుంది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట," అన్నాడు బ్యాండుమాస్టరు. తిట్టినట్టు అనలేదు, జాలిగా అన్నాడు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏదీ, వేళ్ళు చూపించమ్మా," అన్నారు మామగారు. ఆమె అరచేతులు పైకి పెట్టింది. ఆయన ఒక్కో వేలి కొసనీ బొటనవేలితో తడిమి చూశారు. "అచ్చు పడలేదు ఇంకా. గట్టిపడాలి. ఇదిగో, ఇలా." తన వేళ్ళు పక్కన పెట్టారు. ప్రతి వేలి కొస మీదా ఒక గుండ్రటి గుంట, కాయ కాచిన అంచు.

"మావాళ్ళు ఈమెకి పిట్టవేళ్ళు అని పేరు కూడా పెట్టేశారు లెండి," అన్నాడు బ్యాండుమాస్టరు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "చూడమ్మా, శనివారంతో నీ మూడు నెలల గడువూ అయిపోతుంది. ఆ రోజు రిహార్సల్లో రెండో భాగంలో అందరూ ఆగుతారు, నువ్వొక్కదానివే కింది స్వరాలు పట్టాలి. పలికాయా, కుర్చీ నీది. పలకలేదా, ఇంకొకళ్ళని చూసుకుంటాను. ఇందులో నా కోపతాపాలేం లేవు," అన్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మాయి క్లారినెట్ విప్పింది. బరువు కట్టిన గుడ్డని ఒక్కో ముక్కలోంచీ మూడుసార్లు లాగింది. కీళ్ళ దగ్గర నిలిచిన తేమని కాగితంతో అద్దింది. కొత్త కర్ర కనక మొదటి నెల రోజుకి పావుగంటే వాయించాలి, వాయించిన ప్రతిసారీ ఇలా ఆరబెట్టాలి అని ఆమెకి చెప్పి పంపింది కోడలే. చెప్పినవాటిలో ఒక్కటీ వదలకుండా చేసేవాళ్ళు నూటికి ఇద్దరుంటారు. ఈ పిల్ల ఆ ఇద్దరిలో ఒకతి. కోడలు ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.

*

మంగళవారం కోడలు బ్యాండుకే వచ్చిన ఇంకో కొత్త క్లారినెట్ పనిలో కూర్చుంది. అదే కంపెనీ, అదే పెట్టెలోంచి వచ్చినది.

కొత్త వాయిద్యమంటే తయారైన వాయిద్యమని బయటివాళ్ళు అనుకుంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది విడిభాగాల మూట, బిగించి ఉంటుంది, అంతే. ఆమె పదిహేడు మీటలూ విప్పి గుంటల పళ్ళెంలో వరసగా పెట్టింది. ఏ స్క్రూ ఏ గుంటలోదో తప్పితే మర్నాటికిగాని తెలియదు. కర్ర గొట్టం లోపలికి పక్షి ఈకతో నూనె పట్టించి గంటసేపు వదిలేసింది. రంధ్రాల అంచులు భూతద్దంతో చూసింది. రెండింటికి పొట్టు లేచి ఉంది. నున్నటి కర్రముక్కతో రుద్ది దించింది. కలిసే చోట కార్కు లావుగా ఉంటే సన్నటి గరుకు కాగితంతో ఒక చుట్టు తీసింది, కలిపి చూసింది, ఇంకో అరచుట్టు తీసింది.

ఆ తర్వాత ప్యాడ్లు. ఒక్కో మీట చివరా చిన్న గిన్నె, గిన్నెలో తోలు అతికిన దూది బిళ్ళ. ఆ బిళ్ళ రంధ్రం మీద నాలుగు వైపులా ఒకేసారి ఆనాలి. సిగరెట్ కాగితాన్ని సన్నటి ముక్కగా కోసి, బిళ్ళ కింద పెట్టి, మీట మూసి, మెల్లగా లాగాలి. నాలుగు దిక్కులా ఒకే బిగువు ఉండాలి. ఒక దిక్కున కాగితం వదులుగా వస్తే గిన్నెను దీపం మీద వేడిచేసి, లోపలి జిగురు మెత్తబడగానే బిళ్ళని వెంట్రుకవాసి తిప్పాలి. పదిహేడు మీటలకి నాలుగేసి దిక్కులు. ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తోంది. ఇప్పటికీ ఆఖరి కాగితం బిగువుగా వచ్చేదాకా ఊపిరి బిగపడుతుంది.

చివరికి కింది ముక్క తీసుకుని, రంధ్రాలన్నీ మూసి, అడుగున అరచేయి ఆనించి, పైనుంచి గాలి పీల్చి పట్టింది. గొట్టం పెదవికి అతుక్కుంది. ఎక్కడా కారకపోతే అలాగే ఉంటుంది. మనసులో పన్నెండు లెక్కపెట్టింది. వదిలితే టప్పుమంది.

"ఎంత?" అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

"పన్నెండు."

"బాగుంది."

*

బుధవారం మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుండగా అమ్మాయి ఒక్కతే వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, మీతో ఒక్క నిమిషం. తాతగారు లేరు కదా?"

"ఉన్నారు. గురక వినపడట్లా? రా."

"తగువుకి రాలేదక్కా. నేను వాయిస్తుంటే ఒక్కసారి నా వేళ్ళు చూడండి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. మూడు రోజుల్లో దిద్దుకుంటాను."

కోడలు స్టూలు జరిపి ఎదురుగా కూర్చుంది. అమ్మాయి ఊదింది. వేళ్ళు రంధ్రాల మీద సరిగ్గా ఉన్నాయి. ఎక్కడా సందు లేదు. తప్పేమీ లేదు. ఒక్కటే, ఆ వేళ్ళు నొక్కడం లేదు. పుస్తకంలో పేజీ తిప్పడానికి ఆనించినట్టు ఆనుతున్నాయి.

"నీకెవరు నేర్పారు?"

"మా ఊళ్ళో మా మేనత్త. ఆవిడ క్లారినెట్ మీదే. అది వేరే ఊళ్ళో చేయించింది."

కోడలు కాగితం ముక్క తీసి చిటికెనవేలి మీట కింద పెట్టింది. ఆ మీట ఒక్కటి నొక్కితే రెండు బిళ్ళలు ఒకేసారి మూసుకోవాలి. రెండింటినీ కలిపే లోహపు ముక్క కోడికాలులా ఉంటుంది. షాపులో దాని పేరూ అదే.

"నువ్వు మామూలుగా మూసినట్టే మూయి."

అమ్మాయి మూసింది. కోడలు లాగింది. కాగితం జారి చేతిలోకి వచ్చేసింది.

"ఇప్పుడు చెయ్యి తియ్యి." కోడలు తనే మూసి లాగింది. కాగితం చిరిగింది.

ఆమె ఇంకో కాగితం కోసింది. పై బిళ్ళ, కింది బిళ్ళ, ఉంగరం మీట, అన్నీ చూసింది. అమ్మాయి వేలికి అన్నీ వదులు. తన వేలికి అన్నీ బిగువు. గట్టిగా నొక్కితే వంకరగా ఉన్న బిళ్ళ కూడా నలిగి మూసుకుంటుంది. మెల్లగా ఆనిస్తే ఎత్తుగా ఉన్న అంచు దగ్గరే ఆగిపోతుంది. ఈ పిల్ల సోమవారం చెప్పింది అక్షరాలా నిజం. ఆమె చేతిలోనే పలకడం లేదు.

కోడలికి మొదట వచ్చిన ఆలోచన, మామగారికి వయసు మీద పడింది అని. డెబ్బైరెండు. చూపు సరిగా ఆనడం లేదేమో, చెయ్యి మొద్దుబారిందేమో. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. దానితోపాటు కొంచెం గర్వమూ కలిగింది.

"నిన్న నేను బిగించింది ఒకటుంది. అది ఊదు," అని కొత్త క్లారినెట్ తీసి ఇచ్చింది.

అమ్మాయి ఊదింది. పైనుంచి దిగుతూ వచ్చింది. అట్టడుగున గాలి, ఆ తర్వాత కీచుమని అరుపు.

వెనక గదిలో గురక ఆగి మళ్ళీ మొదలైంది.

"దీనికీ అంతే అక్కా," అంది అమ్మాయి, తనదే నేరమైనట్టు. "నా వేళ్ళే అయ్యుంటాయి."

"వాయిద్యం ఇక్కడ వదిలేసి వెళ్ళు. రేపు ఐదింటికి రా."

అమ్మాయి వెళ్ళాక అత్తగారు వంటింట్లోంచి ఒక సీసా పట్టుకొచ్చింది. "ఏమ్మా, మీ మామగారు మూశారు దీన్ని. ఈ ఇంట్లో ఆయన బిగించిన మూత తియ్యాలంటే ఊరంతా కలిసి లాగాలి. నువ్వొక పట్టు పట్టు."

కోడలు వేరే ధ్యాసలో సీసా అందుకుని తిప్పింది. ఒక్క తిప్పుకి వచ్చేసింది.

"అంతేనా! అరగంట నుంచి కుస్తీ పడుతున్నా," అంది అత్తగారు. "నీదీ ఆయన చెయ్యే అయిపోయింది, తల్లీ."

అత్తగారు వెళ్ళిపోయింది. కోడలు మూత ఇంకా పట్టుకునే ఉంది. తన వేళ్ళు తిప్పి చూసుకుంది. నాలుగు వేళ్ళ కొసల మీదా నాలుగు గుండ్రటి గుంటలు.

*

గురువారం సాయంత్రం ఐదింటికి అమ్మాయి వచ్చేసరికి బల్ల మీద వంటింటి తూకం మిషను ఉంది.

"దీని మీద వేలు పెట్టు. రంధ్రం మూసినట్టే. బరువు చూడకు, నన్ను చూడు."

అంకె నూటపది గ్రాముల దగ్గర ఆగింది. ఇంకో వేలు పెట్టించింది. నూటఐదు. చిటికెన వేలు తొంభై. తర్వాత కోడలు తన వేలు పెట్టింది. ఆరువందల నలభై. తగ్గిద్దామని చూసింది. ఐదువందలు. ఇంకా తగ్గిస్తే రంధ్రం మూసినట్టే అనిపించలేదు.

ఇన్నాళ్ళూ కొలబద్ద అనుకున్నది ఈ వేలినే. అదే తప్పు చూపిస్తోంది.

ఆమె నట్ల డబ్బాలోంచి ఇనప నట్లు తీసి ఒక్కొక్కటే తూచి దారానికి గుచ్చింది. నూటపది గ్రాముల దండ ఒకటి, తొంభై గ్రాముల దండ ఒకటి. అమ్మాయి క్లారినెట్‌ని బల్ల అంచునున్న వైసు దవడల్లో బిగించి, తన చెయ్యి తగలకుండా దండని మీటకి వేలాడదీసింది. కాగితం పెట్టి లాగింది. కాగితం జారి వచ్చింది. దీపం వెలిగించింది.

"నేను కూర్చోనా అక్కా?"

"కూర్చో. మాట్లాడకు."

బిళ్ళని వేడిచేసింది, తిప్పింది, దండ వేసింది, కాగితం లాగింది. ఒక దిక్కు బిగువొస్తే ఎదుటి దిక్కు వదులవుతోంది. ఆరువందల గ్రాములతో నొక్కినప్పుడు కనపడని వంకరలన్నీ ఇప్పుడు బయటపడ్డాయి. స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. 'స్ప్రింగు బిగువుంటేనే వేలికి మీట ఉన్నట్టు తెలుస్తుంది' అన్నది మామగారు చెప్పిన పాఠం. ఆ బిగువు నూటపది గ్రాముల వేలిని పైకి నెట్టేస్తోంది. ఆమె ఒక్కో స్ప్రింగునీ కొక్కెంతో వెనక్కి వంచి నీరసం చేసింది. కోడికాలుని కాగితం మందాన వంచింది. ఎక్కువైంది. వెనక్కి వంచింది. దండ వేసింది. రెండు బిళ్ళల కిందా రెండు కాగితాలు పెట్టి రెండూ కలిపి లాగింది. రెండూ నిలబడ్డాయి.

"ఇప్పుడు పీల్చి చూడు. నీ వేళ్ళతో."

అమ్మాయి కింది ముక్క మూసి, అడుగు అరచేతికి ఆనించి పీల్చింది. కోడలు పైకే లెక్కపెట్టింది. ఇరవై దగ్గర లెక్క ఆపేసింది. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, గొట్టం పెదవికి అంటుకుని ఉండగానే తల ఊపింది.

ముక్కలు కలిపారు. అమ్మాయి రీడు తడిపింది. ఈసారి పైనుంచి రాలేదు. నేరుగా అట్టడుగు స్వరం పట్టింది.

శబ్దం పెద్దగా లేదు. ఎక్కడ మొదలైందో మాత్రం తెలియలేదు. ఊదడం, పలకడం అని రెండు లేవు, ఒకటే ఉంది. కోడలు మోచెయ్యి ఆనించిన బల్లలోంచి అది ఆమె ఎముకలోకి వచ్చింది. అమ్మాయి తగ్గించింది. ఇంకా తగ్గించింది. వినపడుతోందా లేదా అని సందేహం వచ్చేంతగా తగ్గించింది. స్వరం సన్నబడింది కాని తెగలేదు. మళ్ళీ అక్కడినుంచి పెంచుకుంటూ వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో వందల క్లారినెట్లు విప్పి బిగించింది కోడలు. ఈ చెక్క లోపల ఇది ఉందని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు.

అత్తగారు తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఎవరు పాడుతోంది?"

ఆమె వెనక మామగారు నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు.

"ఏ కంపెనీదమ్మా అది?" అన్నారు.

"సోమవారం మీరు చూసిందే, మామయ్యా."

ఆయన దగ్గరికి వచ్చారు. వైసు పక్కన నట్ల దండ చూశారు. "ఇదేమిటి? మేకకి కట్టిన గంటలా?"

"వేలి బరువు. ఈ అమ్మాయిది."

ఆయనకి రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. తూకం మిషను వైపు చూశారు, కోడలి వైపు చూశారు, చూపుడువేలు చాచి మిషను మీద పెట్టారు. వెయ్యిన్నీ నూటయాభై. తీశారు. మళ్ళీ పెట్టారు. తొమ్మిదివందలు. మూడోసారి నెమ్మదిగా, ఊపిరి బిగపట్టి పెట్టారు. ఏడువందల దగ్గర అంకె ఆగిపోయింది. అంతకన్నా కిందికి దిగలేదు.

"నాదీ ఆరువందల నలభై, మామయ్యా," అంది కోడలు.

"నిన్ను అడగలేదు," అన్నారాయన. కోపంగా కాదు. వేలు అక్కడినుంచి తీయలేదు.

*

శుక్రవారం ఆయన బల్ల దగ్గర కూర్చోలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, తూకం మిషను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ పెడుతూ తీస్తూ ఉన్నారు. ఆరువందల యాభై. ఆరువందలు. మళ్ళీ ఏడువందలు.

"ఏవండీ, అది కూరగాయలకండీ," అంది అత్తగారు. ఆయన ఇంకో వేలు పెట్టారు.

పదకొండు గంటలకి అడిగారు. "అమ్మాయ్, ఆ బ్యాండులో క్లారినెట్లు ఎన్ని?"

"ఈ అమ్మాయిది కాక ఎనిమిది."

"అన్నీ మనవేనా?"

"అన్నీ మనవే."

"మొదటి వరసలో ఆ పొడుగాయన చేతికి పట్టీ కట్టుకుంటాడు, ఎందుకో తెలుసా?"

"బొటనవేలి కీలు అరిగిందన్నారు."

"పక్కాయన?"

పక్కాయన వాయించాక వేళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంటాడు. ఊదేవాళ్ళకి నొప్పులు మామూలే అని ఈ ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఈయన వేలు వాయిద్యాలని బిగించింది. ఆ వాయిద్యాలు ఊరి వేళ్ళని బిగించాయి. ఆ వేళ్ళే మళ్ళీ వచ్చి, వాయిద్యం బాగుంది మేస్త్రిగారూ అన్నాయి. పొరుగూరి నుంచి ఒక పిల్ల వచ్చేదాకా ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు.

"మామయ్యా, రేపటి సంగతి," అంది కోడలు. ఉదయం నుంచి లోపలే కూర్చుకున్న మాట. "కొత్త కర్ర తేమ తాగి ఉబ్బుతుంది కదా. రెండు నెలలకి ఒకసారి ఎలాగూ మళ్ళీ చూడాలి. కర్ర కదిలింది, సర్దాం అని చెబుదాం. అబద్ధం కూడా కాదు పూర్తిగా. ఆ పిల్ల కుర్చీ నిలబడుతుంది. మిగతావి ఒక్కొక్కటే మనమే పిలిపించి చేసేద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆయన మిషను మీంచి వేలు తీశారు.

"కర్ర మీదికి తోస్తావా," అన్నారు.

అంతే అన్నారు. సాయంత్రం మాత్రం, "రేపు నేనూ వస్తున్నాను," అన్నారు.

*

శనివారం రిహార్సల్ హాల్లో నలభై కుర్చీలు. మేస్త్రిగారు అక్కడికి ఎప్పుడూ రారు. ఆయన్ని చూసి ముందు వరసవాళ్ళు లేచి నిలబడ్డారు. గోడవారగా రెండు కుర్చీలు వేశారు. మామా కోడలూ కూర్చున్నారు.

"ఏం పిట్టా, ఇవాళ కూస్తావా?" అన్నారెవరో వెనకనుంచి. అమ్మాయి తిరిగి చూడలేదు. రెండో వరస చివర కుర్చీలో క్లారినెట్ కలుపుతోంది.

మొదటి భాగం నడిచింది. రెండో భాగంలో బ్యాండుమాస్టరు ఎడమచేత్తో అందరినీ ఆపి, కుడిచేత్తో అమ్మాయికి సైగ చేశాడు.

ఆమె పట్టింది. గురువారం ఒక గదిలో విన్నది ఇప్పుడు ఇంత పెద్ద హాలులో. ముందుకి తోసినట్టు రాలేదు. నేల మీంచి నీళ్ళు పాకినట్టు కుర్చీల కిందుగా వచ్చింది. రెండో స్వరానికి దిగింది, మూడోదానికి దిగింది. ఆమె ఆపగానే ట్రాంబోను అందుకోవాలి. ట్రాంబోనువాడు అందుకోలేదు. వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండిపోయాడు.

బ్యాండుమాస్టరు చేతులు దించాడు. "మళ్ళీ," అన్నాడు. ఆమె మళ్ళీ పట్టింది. ఆయన మధ్యలో కళ్ళు మూసుకున్నాడు.

అయ్యాక గోడవైపు తిరిగాడు. "మేస్త్రిగారూ, ఏం చేశారు దీనికి?"

కోడలు నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. మామగారు లేచి నిలబడ్డారు.

"నేనేం చెయ్యలేదు. మా కోడలు చేసింది. సోమవారం మీరు సామెత చెప్పారు కదా. ఆ అమ్మాయికి ఆడటం వచ్చు. మద్దెలే ఓడు."

హాల్లో ఎవరో దగ్గారు.

"నా వేలు బరువెక్కింది. ఎప్పటినుంచో నాకే తెలియదు. గట్టిగా నొక్కి, మూసుకుంది కదా అనుకుని, బాగుందన్నాను. మీరూ గట్టిగా నొక్కి బాగుందన్నారు. మీకు అలా నొక్కడం అలవాటు చేసింది నా వాయిద్యాలే. ఈ బ్యాండులో క్లారినెట్లన్నీ అంతే." ఆయన ఒక్కక్షణం ఆగారు. "సోమవారం నుంచి రోజుకొకటి పంపండి. విప్పుతాం. నేను చూడను, మా కోడలు చూస్తుంది. నేను దీపం పట్టుకుంటాను."

మొదటి వరసలో పొడుగాయన చేతి పట్టీని ఒకసారి చూసుకున్నాడు.

బ్యాండుమాస్టరు వేదిక దిగి అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు ఆమె వాయిద్యాన్నే చూశాడు. "వేళ్ళు నొప్పి పెట్టవా నీకు?" అన్నాడు.

"ఎందుకు సార్?"

ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఈ కుర్చీ ఇక్కడే ఉంటుంది," అన్నాడు బ్యాండుమాస్టరు. అమ్మాయితో కాదు, హాలుతో. తర్వాత గొంతు తగ్గించి ఆమెతో, "వీళ్ళకి చూపించమ్మా. ఎలా మూస్తావో. నాక్కూడా," అన్నాడు.

అమ్మాయి కంగారుపడింది. "నేనేం చెయ్యను సార్. ఊరికే పెడతాను. అది చూపించడానికేముంది?"

మామగారు నెమ్మదిగా వరసల మధ్యకి నడిచారు. ఆమె ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి, ముంజేతిని క్లారినెట్‌లా నిలువుగా ఆమె ముందు పెట్టారు.

"దీనిమీద వాయించు. ఇప్పుడు వాయించావే, అదే. మొదట్నుంచి."

"మీ చెయ్యి మీదా తాతగారూ?"

"ఊఁ."

కుర్చీలు జరిగాయి. వెనక వరసలవాళ్ళు లేచి చుట్టూ వచ్చి నిలబడ్డారు. అమ్మాయి రెండు చేతుల వేళ్ళూ ఆయన ముంజేతి మీద పెట్టింది. పెదవులు బిగించి, రీడు లేకుండానే ఊపిరి తీసుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. చర్మం మీద తగిలే ప్రతి స్పర్శనీ పట్టుకుందామన్నట్టు భృకుటి ముడిచి, తల కొంచెం వంచి, కదలకుండా కూర్చున్నారు.

కాసేపయ్యాక ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు.

"మొదలుపెట్టావా అమ్మా?"

"సగం అయిపోయింది తాతగారూ."